మెరుపు షేర్లూ మరదలి సంతకమూ

షాపు, కుట్టుమిషన్ బల్ల మీద నుంచి
సోమవారం

బావగారికి,

మీరు పేరు పెట్టిన సూదిమందు రాయునది. మీ క్షేమం అడగను. టీవీలో ఎర్రబాణాలన్నీ కిందికే చూస్తున్నాయి కాబట్టి మీరెలా ఉన్నారో నాకు తెలుసు. అక్క క్షేమం మాత్రం అడుగుతున్నాను, మిమ్మల్ని భరిస్తోంది గనక.

అక్క పెట్టిన రూలు ప్రకారం ఫోన్ ముట్టకుండా కాగితం తీశాను. షేర్ల మాట ఫోన్లో ఎత్తితే నేను అరుస్తాను, మీరు పెట్టేస్తారు, మధ్యలో తను నలుగుతుంది. పైగా షేర్ల సలహాలిచ్చే మీ ఆఫీసులో ఫోన్లన్నీ రికార్డవుతాయి. ఆమధ్య నేను ముసలిగొంతు పెట్టి, "బాబూ, మా చిలక పేరు మీద ఆస్తి రాశారు, ఏ షేర్లు కొనమంటావు?" అని అడిగినదాన్ని మీ పెద్దసారు మీటింగులో అందరికీ వినిపించారట. మీరు తల వంచుకున్నారట. నాకైతే ఇప్పటికీ ఆ చిలక మీద జాలే గాని సిగ్గు లేదు.

ఇక అసలు సంగతి. అమ్మ వదిలిన డబ్బుని అక్కా నేనూ పంచుకోకుండా రెండు కంపెనీల్లో పెట్టింది మీ మాట మీదే. ఇద్దరి సంతకాలూ పడితే గాని ఒక్క షేరు కదలదు. అందులో నా సగంతో ఈ షాపు గది కొనుక్కుందామని నేను. ఓనరు ఈ వానలు తగ్గేదాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత మొబైల్ కవర్లవాడికి అమ్మేస్తాడు. పెళ్ళయిన నాటి నుంచీ బ్యాగుల జిప్పులూ సూట్‌కేసు చక్రాలూ వేసుకుంటున్న గదిలో రేపు రబ్బరు కుందేళ్ళ కవర్లు వేలాడతాయన్నమాట.

ఇప్పుడేమో యంత్రాలే సాఫ్ట్‌వేర్ అంతా రాసేస్తాయట, ఇక ఈ కంపెనీలకి పనే ఉండదట. ఎవరో ఒక పెద్దమనిషి నోరు జారాడు, అంతే, అందరూ తలుపు దగ్గరికి పరుగు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్న జాతి! షాపుల బిల్లులు ఫోన్లో వేసిపెట్టే మన మెరుపు కంపెనీ సగానికి పడింది. ఆసుపత్రి ల్యాబుల్లో రక్తం సీసాలకి చీటీలు అంటించే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉందే, మన చీటీల కంపెనీ, అదీ సగానికే పడింది.

నాకు మండేది ఎక్కడో చెప్పనా? మొన్నటిదాకా మెరుపు ఏనుగు అని మీరే రాశారు. మీ పేరుతో అచ్చయిన ఆ కాగితాన్ని మురిసిపోయి మా గోడకి అంటించాను. ఇవాళ టీవీలో మీ జాతివాళ్ళే అది ఎలుక అంటున్నారు. ఈ మధ్యలో ఆ ఏనుగు ఏం తినడం మానేసింది బావా? ఒక్కడూ చెప్పడే! ఏనుగైతే ఎలుక కాకూడదు. ఎలుకైతే ముందే ఎలుక అనాలి.

ఇంకొకటి. ఆ గోడ కాగితం చదివే మా పక్కకొట్టు తాళాలాయన మెరుపు కొన్నాడు. తాళంచెవి అరగదీస్తూ కళ్ళు చికిలిస్తాడే, ఆయనే. కంటి ఆపరేషన్‌కి దాచుకున్నదాంట్లో సగం పెట్టాడు. ఇప్పుడు రోజూ వచ్చి, "మీ బావగారు ఏమంటున్నారమ్మా?" అని అడుగుతున్నాడు. మీరేమంటున్నారు?

ఏది అమ్మాలి, ఏది ఉంచాలి, తేల్చి రాయండి. గోడ మీద పిల్లిలా రాస్తే ఉత్తరం వెనక్కి పంపిస్తాను, తపాలా ఖర్చు మీదే.

మీ మరదలు


ఆఫీసు, తొమ్మిదో అంతస్తు
గురువారం

సూదిమందూ,

నీ ఉత్తరం మీ అక్కే ముందు చదివి, నవ్వి, తర్వాత నాకిచ్చింది. ఆవిడ నవ్వింది చిలక దగ్గర. నేను నవ్వలేదు.

నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్నే. ధర వేరు, విలువ వేరు. ధర అంటే ఇవాళ బజార్లో జనానికున్న భయం. విలువ అంటే ఆ కంపెనీ ముందుముందు సంపాదించి చేతిలో పెట్టేది. భయం వచ్చినప్పుడు జనం అన్నిటినీ ఒకే గంపలో పోసి అమ్మేస్తారు. అందుకే రెండూ ఒకేలా పడ్డాయి. గంప దించి, ఒక్కొక్కటీ తీసి చూడాలి.

నేను మూడు చూస్తాను. ఒకటి, వాడుకునేవాడు నిజంగా డబ్బు కడుతున్నాడా. రెండు, ధర పెంచితే పారిపోతాడా, గొణుక్కుంటూ కడతాడా. మూడు, కంపెనీ సంపాదన మీద బతుకుతోందా, అప్పు మీద బతుకుతోందా. ఈ మూడింటికీ జవాబు బాగుంటే, ధర సగం పడితే అది చవక. బాగుండకపోతే సగం పడ్డా అది ఖరీదే. ఎంత పడింది అన్నదాన్ని బట్టి ఏదీ చవక కాదు. అందరూ చేసే తప్పు అదే.

చీటీల కంపెనీకి అప్పు లేదు. దాని సంగతి నాకు కొంత నమ్మకం. మెరుపు సంగతి... కొంచెం ఓపిక పట్టు. లెక్కలు చూస్తున్నాను. లక్షల షాపులు వాళ్ళ బిల్లులు వాడుతున్నాయని కంపెనీ చెబుతోంది. పెద్దసారుకి వాళ్ళ మీద మంచి అభిప్రాయం ఉంది.

తాళాలాయనతో నా మాటగా ఏమీ చెప్పకు. దయచేసి తుంటరి పనులేవీ చెయ్యకు. ముఖ్యంగా ఫోన్లు.

మీ బావ


షాపు
ఆదివారం, షట్టరు సగం దించి

బావగారికి,

ఫోన్లు వద్దని చివరి ముక్కలో రాశారు చూడండి, అది చదివే దాకా నాకా ఆలోచనే లేదు. ఇక పాపం మీదే.

మీ మూడు ప్రశ్నలూ పట్టుకుని రెండు కంపెనీలకీ చేశాను. మీరు తొమ్మిదో అంతస్తులో కూచుని లెక్కలు చూస్తే ఏం తెలుస్తుంది? మానేస్తామని బెదిరిస్తే గాని మనిషి నైజం బయటపడదు. మా ఆయనని నేను ఏడాదికోసారి అలాగే పరీక్షిస్తాను.

ముందు మెరుపు. వాళ్ళ బిల్లుల సాఫ్ట్‌వేర్ మా షాపులోనూ ఉంది, గుర్తుందా? ఆమధ్య ఒకడు టై కట్టుకొచ్చి నా ఫోన్లో ఎక్కించి, నాకో టోపీ ఇచ్చి వెళ్ళాడు. టోపీ మా ఆయన పెట్టుకుంటున్నాడు, బిల్లులు నేను పాత పుస్తకంలోనే రాసుకుంటున్నాను. వాళ్ళకి ఫోన్ చేసి, "మీ బిల్లులు మాకొద్దు, మానేస్తున్నాం" అన్నాను. అబ్బ, ఆ అమ్మాయి మర్యాద చూడాలి! "అయ్యో మేడం, మీలాంటివాళ్ళు వెళ్ళిపోతే ఎలా మేడం, ఇంకో మూడేళ్ళు పూర్తిగా ఉచితం మేడం!" అంది. నేను బిగుసుకుని, "నాకు ఒక షాపే కాదమ్మా" అన్నాను. "ఇంకోటి కూడా ఉందా మేడం, దాని పేరు చెప్పండి, అదీ ఎక్కిస్తాను" అంది. ఇంకో షాపెక్కడిది? ఎదురుగా కుట్టుమిషన్ కనబడింది. దాని మీద అచ్చేసి ఉన్న పేరే చెప్పాను. "అభినందనలు మేడం, మీ రెండో షాపు కూడా మా కుటుంబంలో చేరింది" అంది! మా ఆయన నవ్వలేక మిషన్ మీద వాలిపోయాడు. చూడండి, ఎంత మంచి కంపెనీయో. పెళ్ళయిన అమ్మాయి పుట్టింటికి వచ్చినంత ఆదరణ.

ఇక చీటీలవాళ్ళు. పై అంతస్తు రక్తపరీక్షల ల్యాబు ఆవిడ ఫోన్ తీసుకుని, ఆవిడ గొంతుతో, "మానేస్తున్నాం" అన్నాను. అటువైపు ఒక మొద్దు మొహం, గొంతులోనే తెలుస్తోంది. "సరేనండి" అన్నాడు. సరేనండి! అంతే! "ఏమీ తగ్గించరా?" అంటే, "తగ్గించమండి. పాత నమూనాల లెక్కంతా మీరే వేరేచోట ఎక్కించుకోవాలి. అన్నట్టు, వచ్చే నెల నుంచి ధర పెరుగుతోంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండి నాలుగు దులిపేలోపు ల్యాబు ఆవిడ ఫోన్ లాక్కుని, "అయ్యో, అది మా కింది షాపావిడ సరదా అండీ, మేమెక్కడికీ వెళ్ళం, పెంచింది కడతాం" అని బతిమాలుకుంది. కొనేవాడు అమ్మేవాడి కాళ్ళు పట్టుకోవడం ఎక్కడైనా చూశారా? ఇంత పొగరా?

కాబట్టి నా తీర్పు. చీటీలవాళ్ళని వదిలించుకుందాం. మెరుపుని ఉంచుకుందాం. చీటీల అమ్మకం కాగితం మీద నా సంతకం పెట్టి ఇందులోనే పెడుతున్నాను. అక్క చేత పెట్టించండి.

నన్ను మీ ఆఫీసులో ఎందుకు పెట్టుకోరో నాకు అర్థం కాదు.

మీ మరదలు


ఇల్లు, వంటింటి బల్ల
బుధవారం

సూదిమందూ,

నువ్వు పంపిన కాగితం చింపేశాను. ఆ ముక్కలు ఇందులో పెట్టాను, నీకు నమ్మకం కుదరాలని.

తల్లీ, నువ్వు చూసిందంతా నిజం, తేల్చిందంతా తలకిందులు. నీకు మర్యాద కనబడింది. నాకు కనబడింది చెప్తాను. ఒక్క మాటకి జవాబు చెప్పు. ఆ మెరుపువాళ్ళకి నువ్వు ఎప్పుడైనా ఒక్క పైసా కట్టావా? కట్టలేదు. వాళ్ళ బిల్లు ఒక్కటైనా వాడావా? వాడలేదు. అయినా వాళ్ళు చెప్పే లక్షల షాపుల్లో నీదీ ఒకటి. ఇప్పుడు మీ కుట్టుమిషన్ ఇంకొకటి. కట్టనివాణ్ణి కూడా పోనివ్వకుండా కాళ్ళు పట్టుకుంటున్నారంటే, వాళ్ళ దగ్గరున్నది లెక్కే గాని సంపాదన కాదు. నాకు ఎప్పటి నుంచో అనుమానం. వాళ్ళ అప్పు పెరుగుతోంది, షాపులు పెరుగుతున్నాయి, డబ్బు పెరగడం లేదు. ఎందుకో అంతుపట్టలేదు. నీ కుట్టుమిషన్‌తో పట్టింది.

ఆ మొద్దు మొహమే కంపెనీకి బలం. ల్యాబు ఆవిడ గొణుక్కుంటూ కడుతుంది చూడు, దాన్నే విలువ అంటారు. యంత్రం రేపు చీటీ రాయగలదేమో. కానీ ఒకరి రక్తం మీద ఇంకొకరి పేరు పడితే జవాబు చెప్పేదెవరు? ల్యాబు కట్టేది ఆ జవాబుదారీకి. నేను పొరబడొచ్చు, కానీ దాన్ని ఈ ధరకి అమ్మడం పాడి గేదెని తోలు ధరకి ఇవ్వడమే.

కాబట్టి చీటీలు ఉంచు. మెరుపు మొత్తం అమ్మెయ్యి, ఇవాళే. ఇందులో పెట్టిన మెరుపు అమ్మకం కాగితం మీద మీ అక్క సంతకం పెట్టింది. నువ్వు పెట్టి పంపడమే తరువాయి. ఇంకా సగం ధర వస్తోంది. నీ షాపు గదికి బొటాబొటీగా సరిపోతుంది.

ఈ ఉత్తరం చదివి చింపెయ్. ఎవరితోనూ అనకు. తాళాలాయనతో సహా.

మీ బావ


షాపు
శనివారం

బావగారు అని రాయబుద్ధి కావడం లేదు గాని, అలవాటు చొప్పున,

మీ ఉత్తరం అందింది. చదివి, నా తెలివితక్కువకి నేనే నవ్వుకున్నాను. కుట్టుమిషన్‌ని షాపు చేసిన కంపెనీని చూసి మురిసిన మొహం నాది. సరే, సంతకం పెడదామని కలం తీశాను. ఇంతలో తాళాలాయన వచ్చాడు, మొహం వెలిగిపోతూ. "అమ్మా, కంటికి ఆనడం లేదు, ఇది కాస్త చదివి పెట్టు. మీ బావగారిదేనట" అని ఫోన్ ఇచ్చాడు.

చదివాను. పైకే చదివాను, ఏం ఖర్మో. "మెరుపు మీద మా నమ్మకం చెక్కుచెదరలేదు. ఉన్నవారు ఉంచుకోండి. పడినప్పుడల్లా ఇంకొంచెం కొనుక్కోండి." కింద మీ పేరు, పక్కన మీ ఫోటో. ఆ ఫోటోలో నేను కొనిపెట్టిన చొక్కానే వేసుకున్నారు. నాకు ఉత్తరం రాసింది బుధవారం. ఇది వచ్చింది గురువారం.

ఒకే చెయ్యి బావా! ఒకే కలం! నాకేమో అమ్మెయ్యి, ఊరికేమో కొనుక్కోండి. మరి నేను అమ్మితే కొనేదెవరు? గాల్లో నుంచి ఎవడూ రాడుగా. మీ కాగితం చదివిన తాళాలాయన లాంటివాడేగా కొనేది. అంటే మా చిరుగు మా వీధివాళ్ళకే అంటగట్టమని నాకు చెప్తున్నారన్నమాట, రహస్యంగా, ఉత్తరం చింపెయ్యమని మరీ!

నేనూ వేషాలు వేస్తాను. చిలక ముసలమ్మనవుతాను, ల్యాబు ఆవిడనవుతాను. నా వేషానికి ఒకడు తల గోక్కుంటాడు, తర్వాత నవ్వుతాడు. మీ వేషానికి ఒకడి కన్ను పోతుంది. తేడా తెలుస్తోందా, లేక అంత చదువుకి ఇంత చిన్న తేడా ఆనదా?

చిరిగిన బ్యాగు తెస్తే నేనేం చేస్తాను? బాగయ్యేదైతే బాగవుతుందంటాను, కాకపోతే పారెయ్యమంటాను. పారెయ్యమన్నదానికి నాకు కూలి రాదు. అయినా అంటాను. రేపు నడివీధిలో వాడి బట్టలన్నీ జారి రోడ్డు మీద పడితే తిట్టేది నన్నే గనక.

తాళాలాయన మిగతా సగం కూడా పెట్టేస్తానంటున్నాడు. "మీ బావగారు కొనమన్నారుగా, పోయింది కూడా వెనక్కొస్తుంది" అని. మీ మాట దాచాను. నోట్లో నువ్వుగింజ నానని నేను! ఆ పాపం కూడా మీ ఖాతాలోనే.

సంతకం పెట్టను. ఆ అమ్మకం కాగితం నా దగ్గరే ఉంది. మీరు నాకు రాసిందే ఊరికి రాయండి. అది అచ్చయ్యాక, అందరూ చదివాక, అప్పుడు పెడతాను.

మరదలు


ఆఫీసు
మంగళవారం

నీకు,

రోషం బాగుంది. చదవడానికి చాలా బాగుంది. ఇక ఇటువైపు నుంచి కూడా కాస్త విను.

ఆ సలహా నోటు నేను రాయలేదు. పెద్దసారు రాసి తెచ్చారు, నేను పేరు పెట్టాను. మెరుపు మా ఆఫీసుకి పెద్ద ఖాతా. వాళ్ళకి అప్పు ఇప్పించేది మేము, కొత్త షేర్లు అమ్మిపెట్టేది మేము. వాళ్ళ మీద ఎదురు రాసినవాడెవడూ మా అంతస్తులో మిగల్లేదు. రాసిన ఒక్కడికీ ఇప్పుడు ఉద్యోగం లేదు. ఈ గందరగోళంలో బయట ఒక్క ఆఫీసూ మనిషిని తీసుకోవడం లేదు. నా వయసు నీకు తెలుసు. ఇంటి అప్పు ఇంకా తీరలేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇంత జరిగినా, నోటి దాకా వచ్చింది మింగి, నీకు నిజం చెప్పాను. నువ్వు నా మరదలివి గనక. అసలు ఆ మాట నీకు ముందుగా చెప్పడమే నేరం. దానికి నాకు దక్కిన బహుమానం తిట్లు!

తాళాలాయన్ని నేను చేయిపట్టుకుని కొనిపించానా? గోడకి అంటించింది నువ్వు. నీతి మాట్లాడటం జిప్పు వేసినంత తేలిక. తొమ్మిదో అంతస్తుకి వచ్చి ఒక్కరోజు కూచుంటే తెలుస్తుంది.

ధర ఇంకా దిగుతోంది. నువ్వు సంతకం ఆపిన ప్రతిరోజూ కరిగిపోయేది నీ షాపే, నా ఆఫీసు కాదు. ఆలోచించుకో.

బావ


షాపు
శుక్రవారం, వాన

బావకి,

ఈసారి వేళాకోళం లేదు. కాగితం గోడకి అంటించింది నేనే. దానికి ఏం చెయ్యాలో నేను చేస్తున్నాను. మీరు రాసిన దానికి మీరు చెయ్యాలి.

మీరు చింపమన్న ఉత్తరం చింపలేదు. అది మిషన్ సొరుగులో ఉంది. తాళాలాయనకి చూపించలేదు, మీ పెద్దసారుకి పంపించలేదు. పంపిస్తాననీ అనడం లేదు. నేను బయటపెడితే అది సూదిమందు చేసిన ఇంకో తుంటరిపని అవుతుంది. మీరు రాస్తే మీ మాట అవుతుంది. నాకు మీ మాట కావాలి.

నిన్న తాళాలాయన మిగతా డబ్బు పెట్టడానికి సిద్ధమై, "ఏ బొత్తాం నొక్కాలో చూపించమ్మా" అని ఫోన్ తెచ్చాడు. టీ తీసుకురమ్మని అవతలికి పంపి, ఆ ఫోన్ని దాచేశాను. పెట్టెలో పెట్టి తాళం వేద్దామనుకున్నాను గాని, తాళాలాయనకి తాళం అడ్డమా? అందుకని ఒక పాత సూట్‌కేసు అస్తరు విప్పి, లోపల పెట్టి, దగ్గర దగ్గర కుట్లు వేసి కుట్టేశాను. పాపం వీధంతా వెతికాడు. వెతుకుతూ నా గుమ్మం మెట్టు కనబడక తూలాడు. గోడ పట్టుకుని నిలబడి, "ఫర్వాలేదమ్మా, మీ బావగారు చెప్పినట్టు కొనేస్తే డబ్బు పెరుగుతుంది, రెండు కళ్ళూ ఒకేసారి చేయించుకుంటాను" అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి మిషన్ తొక్కాను, ఊరికే, గుడ్డ లేకుండా.

ఆ ఫోన్ ఎన్నాళ్ళు దాచను? ఇప్పటికే ఫోన్ మోగి ఆ సూట్‌కేసు నుంచి పాట వినబడితే దగ్గు నటిస్తున్నాను. ఓనరు కూడా మొబైల్ కవర్లవాణ్ణి తెచ్చి గది కొలిపించాడు. ముందే అమ్ముంటే ఈ గది నాదయ్యేదని నాకు తెలుసు. తెలిసే ఆగాను. నన్ను భయపెట్టకండి, నా వంతు భయం నేను పడుతున్నాను. మీ వంతు మీరు పడండి.

మరదలు


ఇల్లు, పగటిపూట
సోమవారం

సూదిమందూ,

రాశాను.

పొద్దుటి నోటు నేను బొత్తాం నొక్కగానే బయటికి వెళ్తుంది, పెద్దసారు తర్వాత చదువుతారు. అది ఆ ఆఫీసు పద్ధతి. ఇన్నేళ్ళలో ఆ పద్ధతితో ఎవరికీ పని పడలేదు. ఇవాళ పడింది. కింద ఉన్నదే అక్షరాలా పంపించాను:

"మెరుపు కంపెనీ షేర్లు అమ్మండి. వాడుకుంటున్నట్టు చెబుతున్న షాపుల్లో డబ్బు కట్టనివి ఎక్కువని నమ్మడానికి కారణాలున్నాయి. ఒకే షాపుని రెండుగా ఎక్కించిన సంగతి నా ఎరుకలో ఉంది. ఇంతకుముందు నా పేరుతో వచ్చిన సలహా తప్పు. అది తప్పని పేరు పెట్టేటప్పుడే నాకు అనుమానం. మా ఇంటివాళ్ళకి ఈ షేర్లున్నాయి. ఇది మీరు చదివేసరికి ఒక్కటీ అమ్మలేదు."

చివరి వాక్యం రాయగలిగింది నీ మొండితనం వల్ల. అది లేకపోతే మిగతావేవీ ఎవరూ నమ్మరు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. పెద్దసారు అరవలేదు. "మీ కప్పు తీసుకెళ్ళండి" అన్నారు. బీరువాలో నాదంటూ ఉన్నది ఒక కప్పు, ఒక గొడుగు. లిఫ్టులో ఒక్కరూ నా వైపు చూడలేదు. కింద కాపలా అతను మాత్రం, "సార్, నా దగ్గర కూడా మెరుపు ఉంది, అమ్మెయ్యమంటారా?" అని అడిగాడు. నిలబడి అతనికి అన్నీ చెప్పాను. ఆ ఆఫీసులో నేను చేసిన చివరి పని అది. మొదటిది కూడా అదేనేమో.

ధర గంటలోనే కుప్పకూలింది. ఇప్పుడు సంతకం పెట్టు. వచ్చేది చాలా తక్కువ. గదికి సరిపోదు. మీ అక్క గొడుగు అందుకుని ఆరబెట్టింది.

కిందటి ఉత్తరంలో జిప్పు గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీ బావ


మెట్ల కింద
ఆదివారం

బావగారికి,

పైన చిరునామా చూశారుగా. గది మొబైల్ కవర్లవాడిదయింది. రబ్బరు కుందేళ్ళు అప్పుడే వేలాడుతున్నాయి, ఒకటి అచ్చం మీ పెద్దసారులా ఉంది. అదే భవనంలో మెట్ల కింద జాగా ఉంటే ల్యాబు ఆవిడ మాట సాయంతో అద్దెకి పట్టాను. మా ఆయన నిటారుగా నిలబడితే తల తగులుతుంది. టోపీ ఉంది గనక నొప్పి లేదు. మెరుపు వల్ల మాకు దక్కిన లాభం అదొక్కటే.

సంతకం పెట్టి అమ్మేశాను. వచ్చింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు, అందుకని తిట్టాను. ఎవరినని అడగకండి, వరసపెట్టి అందరినీ. ముఖ్యంగా మీ ఆఫీసుని. నిన్న వాళ్ళు కొత్త నోటు పంపారు, ఇంకెవరో కుర్రాడి ఫోటోతో. "మెరుపు అమ్మండి. మదుపరులను మేము ముందుగానే హెచ్చరించాం" అట! హెచ్చరించినవాణ్ణి గెంటేసి హెచ్చరికని మాత్రం ఉంచుకున్నారు! దొంగకి కూడా ఇంత మొహం ఉండదు బావా, వాడు కనీసం చీకట్లో వస్తాడు. ఫోన్ చేసి ఆ చిలక ముసలమ్మ గొంతుతో నాలుగు కడిగేశాను. రికార్డయ్యే ఉంటుంది. మీటింగులో విననివ్వండి.

తాళాలాయన ఎదుటే సూట్‌కేసు అస్తరు కోసి ఫోన్ తీసిచ్చాను. ముందు తిట్టాడు. మీ నోటు చదివి వినిపించాను, "నా సలహా తప్పు" అన్నదాకా. ఆగమని, ఆ ముక్క మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. పెట్టిన సగంలో చాలావరకు పోయింది. మిగతా సగం ముట్టుకోలేదు గనక ఒక కంటికి వస్తుంది. "ఒకటి చాలమ్మా, తాళంకప్పకి ఉండేది ఒక కన్నమేగా" అన్నాడు. మిమ్మల్ని క్షమించానని మాత్రం అనలేదు. అనమని నేనూ అడగలేదు. మీరే వచ్చి అడగండి.

చీటీలవాళ్ళు ఆ పొగరుతోనే బతుకుతున్నారు. ధర పెంచారు. ల్యాబు ఆవిడ గొణుక్కుంటూ కట్టింది. వింటుంటే నాకు ఎంత హాయిగా ఉందో. షేరు మాత్రం ఇంకా కిందనే ఉంది. ఉండనివ్వండి, జనం భయం దిగేదాకా కూచుంటాను. మొండితనంలో ఇప్పుడు నాకు పేరుంది.

ఇక మీ సంగతి. అక్క రాసింది, మీరు పొద్దున్నే లేచి చొక్కా వేసుకుని, వెళ్ళేచోటు లేక బల్ల దగ్గర కూచుంటున్నారట. ఆ కూచునేదేదో ఇక్కడ కూచోండి. ఇంకో చోట పని దొరికేదాకా. మా దగ్గరొక ముక్కాలిపీట ఖాళీ ఉంది. లెక్కలు చూడండి, వచ్చినవాళ్ళ బ్యాగులు తిప్పి చూసి ఏది బాగవుతుందో ఏది కాదో చెప్పండి. జీతం అనకండి, నవ్వొస్తుంది. టీ మాది. కప్పు ఎలాగూ మీ దగ్గరుందిగా, తెచ్చుకోండి.

నిన్న మెట్ల పక్క గోడ మీద బోర్డు రాయించాను. మిమ్మల్ని అడగకుండా మీ పేరు పెట్టలేదు, కానీ అందులో ఒక ముక్క మీ కోసమే రాయించాను. పెయింటరు, "ఇలా రాస్తే బేరాలు రావమ్మా" అన్నాడు. అయినా రాయించాను:

"బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేయబడును. బాగవనివి బాగవవని అందరికీ ఒకేలా చెప్పబడును."

మీ సూదిమందు